బిగిసిన తలుపు

మా ఊరికి శ్రావణమాసము వచ్చినదని తెలిసికొనుటకు పంచాంగము చూడనక్కరలేదు. వీథి తలుపు మూయబోయి చూచిన చాలును. వేసవిలో చిటికెనవ్రేలితో త్రోసిన పోవు రెక్క, ఆ మాసమున భుజము ఆనించినగాని గుమ్మములో కూర్చుండదు. కూర్చున్న పిమ్మట లేవదు. గోదావరి యొడ్డున దిండిలో పుట్టి పెరిగినవాడనగుటచే నాకు ఇది చిన్ననాటినుండి తెలిసిన సంగతియే. వాన వచ్చును, తలుపు బిగియును. మాఘము వచ్చును, తలుపు వదులగును. ఇందులో ఆలోచింపదగిన విషయ మున్నదని నేనెన్నడును అనుకొనలేదు. గడచిన శ్రావణములో ఒక రాత్రి జరిగిన సంఘటన నాచే ఆలోచింపజేసినది.

మా అమ్మగారికి ఎనుబది యేండ్లు దాటినవి. పట్టణములో నాతో ఉండుమన్న ఉండరు. శనివారము సాయంకాలము కళాశాల ముగియగానే నేనే దిండి పోయి, ఆదివారము రాత్రికి తిరిగి వచ్చుచుందును. ఆ శనివారము రాత్రి తొమ్మిది గంటలకు వారు స్నానాలగదిలోనికి పోయిరి. నేను వీథి అరుగుమీద కూర్చుండి వాన చూచుచున్నాను. పెంకులమీద వాన చప్పుడులో మరి యొక చప్పుడు చాలసేపటి వరకు నా చెవిని పడలేదు. చెంబుతో తలుపుమీద కొట్టుచున్న చప్పుడది. లోపలినుండి లాగిన రెక్క రాదు. బయటినుండి నేను త్రోయవలెనన్న, ఆ తలుపు లోపలికి తెరచుకొనునది. రెక్క వెనుక మా అమ్మగారు నిలిచియున్నారు. ముసలి ప్రాణము, తడి నేల. నేను బలముగా త్రోసినచో ఏమగునో ఊహించుకొనుటకే భయమైనది. చివరకు వారిని గోడమూలకు జరుగుమని చెప్పి, గునపముతో ఒక చెక్క ఊడదీసి, ఆ సందులోనుండి చేయి పెట్టి రెక్కను కొంచెము కొంచెముగా నెట్టితిని. అరగంట పట్టినది.

వారు బయటికి వచ్చి, తుండుగుడ్డతో చేతులు తుడుచుకొనుచు, "ఒరేయ్ అబ్బాయ్, రేపు ఆ తలుపు పీకించెయ్యి. దుప్పటి కట్టుకుంటే చాలు నాకు" అని మాత్రము అనిరి. ఇక ఆ మాట మరల ఎత్తలేదు. నాకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ సంగతికి పది దినములకు పూర్వమే పాత కలప కొను వర్తకు డొకడు మా ఇంటికి వచ్చి, వీథి తలుపును తడిమి చూచి, మంచి ధర పలికి పోయెను. కోనసీమలో ఇట్టి వర్తకులు ఇప్పుడు తరచుగా కనిపించుచున్నారు. మండువా లోగిళ్ళు ఒక్కొక్కటిగా కూలుచున్నవి. వాటి స్తంభములు, గుమ్మములు, తలుపులు నగరములలోని హోటళ్ళ ముంగిళ్ళకు, ధనికుల హాళ్ళకు అలంకారములై పోవుచున్నవి. తమిళనాడులో చెట్టినాటి మేడలకు ఈ యోగము మనకంటె ముందే పట్టినది. కారైకుడిలో పాత తలుపులు, పాత గుమ్మములు అమ్ము అంగళ్ళ వీథియే ఉన్నది. ఆలోచించి చెప్పెదనని వర్తకునితో అంటిని. ఆ రాత్రి ఆలోచన తెగినది. ఈ పాత తలుపులన్నియు అమ్మివేసి, అన్ని గదులకును కొత్తవి పెట్టింపవలెనని నిశ్చయించుకొంటిని. మరునాడు ఉదయమే ఊరిలోని వడ్రంగి మేస్త్రికి కబురంపితిని. తలుపు ఊడదీయుటకు మాత్రమే.

ఆ తలుపు సంగతి కొంచెము చెప్పవలెను. కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన తరువాత, వైనతేయ పాయమీదుగా గన్నవరము వద్ద కట్టిన అక్విడెక్టు ద్వారా గోదావరి నీరు మా రాజోలు ప్రాంతమునకు వచ్చినది. నీటితో వరి, వరితో డబ్బు, డబ్బుతో మండువా లోగిళ్ళు వచ్చినవి. (ఆ గన్నవరమే డొక్కా సీతమ్మగారి ఊరు. 1909లో కీర్తిశేషురాలైన ఆ యిల్లాలు వచ్చిన బాటసారి కెల్ల అన్నము పెట్టినది. ఇప్పటి అక్విడెక్టునకు ఆమె పేరే. 2024నుండి మన బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకును ఆమె పేరే. ఆ యింటి తలుపునకు గడియ యుండెనో లేదోగాని, దాని అవసరము ఎంతగా నుండునో పాఠకులే ఊహింపవచ్చును.) టేకు మాత్రము కోనసీమలో పెరుగునది కాదు. మన్యమునుండి తెప్పలు కట్టి గోదావరిలో వదలగా రాజమహేంద్రవరము చేరెడిది. బర్మా టేకు ఓడలలో వచ్చెడిది. పచ్చి టేకు నీటిలో మునుగును. అందుచే బర్మా అడవులలో చెట్టును నరకక ముందే మొదట బెరడును చుట్టును చెక్కి, అది నిలువుననే యెండునట్లు రెండు మూడేండ్లు విడిచిపెట్టెడివారు. అట్లు ఎండిన తరువాతనే దానిని నరకి యేటిలో వేసెడివారు. మా వీథి తలుపు మన్యపు టేకో బర్మా టేకో చెప్పగలవారు మా యింట ఎవ్వరును మిగులలేదు. రెండు రెక్కలు, ఒక్కొక్క రెక్కలో నాలుగు పలకలు, నడుమ ఇత్తడి బొడిపెలు, లోపలివైపున అడ్డకర్ర - ఇంతే దాని స్వరూపము.

మేస్త్రి వచ్చెను. డెబ్బది యేండ్లవాడు, మా నాయనగారి కాలమునుండి మా యింట ఉలి పట్టినవాడు. నేను వర్తకుని సంగతి చెప్పితిని. ఆయన మాటాడలేదు. కుడి రెక్కను సగము తెరచి, దాని అంచును రెండు చేతులతో పట్టుకొని పైకెత్తెను. నూవుగింజంత పైకి లేచి, విడువగానే దిగినది. మరల ఎత్తెను, మరల దిగినది.

"ఆయ్, చూశారాండి మాస్టారూ? తప్పు రెక్కది కాదండి. పై మడతబందు వదులైపోయింది. రెక్క వాలిపోయి గడపని పట్టేత్తంది."

"అయినచో చిత్రిక పట్టి క్రింద కొంచెము తీసివేసిన సరిపోదా?" అని అడిగితిని.

"వాచిన కాలికి కొలిచి ఎవరన్నా చెప్పులు కుట్టిత్తారాండి? ఇప్పుడు చెక్కేత్తే సంకురాత్రికి ఆ సందులోంచి పిల్లులు దూరతాయండి."

ఈ యొక్క మాటలో నేను నేర్చుకొనవలసిన శాస్త్రమంతయు ఉన్నది. కలప గాలిలోని తేమను త్రాగును, విడుచును. చెట్టు పడి నూరేండ్లైనను ఈ యలవాటు పోదు. త్రాగినప్పుడు ఉబ్బునది వెడల్పున మాత్రమే. పొడవున ఉబ్బుట లేదన్నంత స్వల్పము. రెండడుగుల వెడల్పు గల నాసిరకపు చెక్క, ఎండకాలమునకును వానకాలమునకును పావంగుళము వరకు తేడా చూపగలదు. టేకు ఈ విషయమున నెమ్మది గలది, మామిడి అట్టిది కాదు. వసిష్ఠ గోదావరి గాలి ఒకవైపు, అంతర్వేది కడలి గాలి మరొకవైపు వీచు మా ఊరిలో కలపకు త్రాగుటకు కొదువ లేదు.

పూర్వపు వడ్రంగులు దీనిని ఎరిగియే పలకల తలుపును కల్పించిరి. చుట్టును నిలువు పట్టెలు, అడ్డపట్టెలు గట్టిగా బిగించి, వాని లోపలి అంచులలో గాడి తీసి, పలకను ఆ గాడిలో వదులుగా నిలుపుదురు. పలక ఉబ్బినను ముడుచుకొనినను ఆ గాడిలోనే కదలును. తలుపు కొలత మారదు. ఇది తెలియనివారు పలక కదలుచున్నదని దానికి జిగురు పెట్టుదురు, మేకు కొట్టుదురు. మరు వేసవిలో పలక నిలువున చీలును. అప్పుడు "పాత తలుపు, చీలిపోయినది" అందురు. నేనును మా నడవ తలుపునకు ఇట్టి ఉపకారమే చేసియుంటిని. మేస్త్రి ఆ మేకులను చూచి నావైపు తిరిగిన చూపు నేను మరువజాలను.

ఇంతకును వీథి తలుపు జబ్బు ఎచ్చట? 1996 తుపాను తరువాత ఊరంతయు మరమ్మతులలో నున్నప్పుడు, దొరికిన మూడంగుళముల యినుప మడతబందులు, రెక్కకు రెండు చొప్పున, హడావుడిగా వేయించితిమి. అంత బరువైన రెక్కకు అవి చాలవు. ఉప్పుగాలికి ఇనుము త్రుప్పు పట్టినది. త్రుప్పు చుట్టునున్న చెక్కను తినినది. మరమేకుల రంధ్రములు పెద్దవైనవి. రెక్క బరువునకు మొదట ఊడునది ఎల్లప్పుడును పై మడతబందే. అది వదులుకాగానే రెక్క ముందుకు వ్రాలి, తెరచుకొను వైపు క్రింది మూల గడపను రాచుకొనును. మనము ఆ రాపిడిని చూచి క్రింద చెక్కించెదము. రెక్క ఇంకను వ్రాలును, మరల చెక్కించెదము. ఇట్లు కొన్ని యేండ్లలో మంచి తలుపొకటి పనికిరాని తలుపగును.

రెక్క ఎచ్చట పట్టుచున్నదో తెలిసికొనుటకు మేస్త్రి నన్నొక వస్తువు అడిగెను. అది నా జేబులోనే యున్నది - సుద్దముక్క. ఉపాధ్యాయు లెవ్వరును దీనికై అంగడికి పోనక్కరలేదు. రెక్క అంచు పొడుగునను సుద్ద రుద్ది, తలుపు మెల్లగా మూసి తెరవవలెను. గుమ్మముమీద తెల్లని గుర్తు ఎచ్చట పడినదో అచ్చటనే పట్టుచున్నది. గుర్తు పై మూలనో క్రింది మూలనో మాత్రమే పడినచో దోషము మడతబందులది. అంచు పొడుగునను సమముగా పడినచో అది తేమ వలని ఉబ్బు. రెక్క మూయబోవగా మడతబందు వైపున బిగిసి, స్ప్రింగువలె వెనుకకు త్రోయుచున్నచో, మడతబందును చెక్కలో మరీ లోతుగా దింపినారన్నమాట. దాని క్రింద పోస్టుకార్డుముక్క యొకటి పెట్టి మరల బిగించిన సరిపోవును. ఇన్నాళ్ళుగా తలుపు బిగిసినదని ఒకే మాట అనుచుంటిమి. దానిలో మూడు వేరు రోగములున్నవని నాకు అప్పుడు తెలిసినది.

మేస్త్రి చేసిన పని చెప్పెదను. రెక్కను దించి అరుగుమీద పరుండబెట్టెను. త్రుప్పు పట్టిన మరమేకులు తీసివేసి, ఆ రంధ్రములలో వెదురు పుల్లలు చెక్కి ఫెవికాల్‌లో ముంచి సుత్తితో దిగగొట్టి, పైకి మిగిలిన కొనలను కోసివేసెను. ఆ రాత్రి వానిని ఆరనిచ్చెను. ఆ రాత్రి మా వీథి గుమ్మమునకు ఒంటి రెక్కయే కాపలా. మరునాడు, సోమవారము, నేను సెలవు పెట్టితిని. మరమేకుకంటె సన్నని బరమాతో కొత్త రంధ్రములు చేసి, మరమేకులకు సబ్బు రాచి బిగించెను. సబ్బు రాచిన మేకు కలపను చీల్చక సుళువుగా దిగునట. మడతబందులు ఐదంగుళములవి, రెక్కకు మూడు; స్టెయిన్‌లెస్ స్టీలువి. ఇత్తడివైనను మంచివేగాని, ఇత్తడి మడతబందునకు ఇనుప మరమేకులు వేయరాదు. ఉప్పుగాలిలో ఆ రెండు లోహముల పొత్తున ఇనుము త్వరగా చెడును. మూడవ మడతబందు నడుమ వేయుట లోకాచారము. మా మేస్త్రి మాత్రము దానిని పైదానికి జానెడు క్రిందుగా వేసెను. బరువు లాగునది అచ్చటనే గదా!

రెక్కను మరల ఎక్కించిన పిమ్మట అది గడపను తాకలేదు. పైన మాత్రము కొంచెము బిగువున్నది. "ఇది వాన బిగువండి. ఫాల్గుణంలో వచ్చి చూత్తానండి" అని పోయెను.

స్నానాలగది తలుపు విషయములో మాత్రము ఆయన క్షణము కూడ జాలి చూపలేదు. అది మామిడి చెక్కది. క్రింది జానెడు మేర పుట్టగొడుగువలె మెత్తబడి యుండెను. దానిని ఇటుక పొయ్యిలోనికి పంపి ప్లాస్టిక్ తలుపు పెట్టుమనెను. నేను కొంచెము నొచ్చుకొంటిని. పాత వస్తువులను కాపాడుమని అప్పుడే బోధించినవాడు గదా! "నీళ్ళగదికి చెక్కెందుకండి? నానేదానికి నాననిదే పెట్టాల" అనెను. ఆయనకు పాతదనుటచే ప్రేమ లేదు, కొత్తదనుటచే ద్వేషము లేదు. ఏ వస్తువు ఎచ్చట నిలుచునో అది తెలియును, అంతే.

ఆ తలుపు విషయమున మేము చేసిన మార్పులు రెండు. వృద్ధులున్న ప్రతి యింటను వీనిని చేయదగును. మొదటిది, తలుపు బయటికి తెరచుకొనునట్లు మార్చుట. లోపల మనిషి పడిపోయినచో, లోపలికి తెరచుకొను తలుపునకు ఆ మనిషియే అడ్డమగును. రెండవది గడియ. బయటివైపున చిన్న గాడి గల గడియలు దొరకుచున్నవి; లోపల వేసికొన్నను, అవసరమైనప్పుడు బయటినుండి ఆ గాడిలో నాణెము పెట్టి త్రిప్పి తీయవచ్చును. గది యిరుకై బయటికి తెరచుటకు వీలులేనిచోట, కనీసము ఈ గడియయైనను వేయవలెను. పైనున్న బోల్టు తీసివేయవలెను. మా అమ్మగారు మొదటి దినము ఆ గడియను అనుమానముగా చూచి, "ఎవరైనా తీసేస్తే?" అనిరి. "అందుకేనమ్మా పెట్టింది" అంటిని.

ఇక అడ్డకర్ర సంగతి. నేటి యిండ్లలో అది కనబడదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కాకినాడకు దిగువన తీరము దాటినది. కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమైనవి. మొత్తముమీద వేయిమందికి పైగా ప్రాణములు పోయినవి. నాకు అప్పుడు ఇరువది యేండ్లు దాటినవి. నాయనగారును నేనును వీథి తలుపునకు అడ్డకర్ర దించి, దానికి మా వీపు లానించి రాత్రి గడపితిమి. గాలి తలుపును తన్నినప్పు డెల్ల ఆ కర్ర మూలిగిన ధ్వని నా వెన్నులో ఇప్పటికిని ఉన్నది. మా కప్పులో సగము పెంకులు ఎగిరిపోయినవి, తలుపు మాత్రము తెరచుకొనలేదు.

తలుపు నిలుచుటకును కప్పు నిలుచుటకును సంబంధ మున్నదని ఆ రాత్రి నాకు తెలియదు. తుపాను గాలి ఇంటి కప్పును పైనుండి పీల్చుచుండును. గాలికి ఎదురుగా నున్న తలుపు పగిలినచో, లోపలికి జొరబడిన గాలి కప్పును క్రిందినుండి త్రోయును. పైనుండి పీల్పు, క్రిందినుండి త్రోపు - ఈ రెంటి నడుమ ఏ కప్పును నిలువజాలదు. కావున తుపాను ప్రాంతములో వీథి తలుపు కప్పునకు మొదటి కాపు. అర అంగుళపు మరమేకులతో బిగించిన చిన్న బోల్టు ఒక్క తాపునకు ఊడి వచ్చును. అడ్డకర్రయో, రెండు రెక్కలను కలిపి పట్టుకొని, గాలి బరువును గుమ్మము రెండు నిలువులకును పంచును. కొత్త తలుపు పెట్టించువారు గుమ్మమునకు రెండు ఇనుప కొక్కెములు వేయించి, టేకు కర్ర యొకటి తలుపు వెనుక నుంచుకొన్న పోవునదేమియు లేదు. మేడకు రెండు లక్షల లైట్లు పెట్టించువారికి ఈ కర్ర ఎందుకు బరువగునో నాకు తెలియదు.

తుపానుకంటె వరద మెత్తనిది, మోసకారి. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు లంక గ్రామములలో తలుపులు దినముల తరబడి నీటిలో నిలిచినవి. నీరు తీయగానే వానిని ఎండలో పెట్టినవారు, బిగిసినవని అప్పుడే చెక్కించినవారు, ఉభయులును నష్టపోయిరి. వరద తడిసిన రెక్కను ముందు మంచినీటితో ఒండు కడిగి, దించగలిగినచో దించి, నీడలో గాలి ఆడునట్లు రెండువైపుల కర్రముక్కలమీద పరుండబెట్టవలెను. వారములు పట్టును. త్వరపడి ఎండకు పెట్టిన చెక్క, పైభాగము ముందు ఎండి, లోపల తడి మిగిలి, మెలి తిరుగును, చీలును. పూర్తిగా ఆరక ముందు చిత్రిక తాకరాదు, రంగు పూయరాదు.

గుమ్మపు పాదముల సంగతి మరవరాదు. తలుపు చెడుటకు ముందు గుమ్మము చెడును. అదియు నేలను తాకు చోట. చెదపురుగు గోడలోనుండి వచ్చి, పైన రంగు చెక్కుచెదరకుండ లోపల తినివేయును. వ్రేలి కణుపుతో తట్టి చూడుడు. డొల్ల మ్రోత వచ్చినచో లోపల పని ముగిసినదని అర్థము. అట్టిచోట గుమ్మమంతయు పీకనక్కరలేదు. పాడైన పాదము కోసి, ఏటవాలుగా చెక్కి, కొత్త టేకు ముక్కను అతికి, చెదలమందు పట్టించి నిలువవచ్చును. మంచి పనివాడు చేసిన అతుకు రంగు పూసిన తరువాత కనబడదు.

టేకు కొనలేనివారికి కొత్త తలుపు వద్దని నేననుట లేదు. ఫ్లష్ తలుపు కొనునప్పుడు, అది గట్టి గుండె గలదో డొల్లదో తట్టి చూడవలెను; భారతీయ ప్రమాణము 2202 ముద్ర చూడవలెను. ప్లైవుడ్డు అయినచో 303లో నీటిని తట్టుకొను రకము, మరీ తడిచోట 710 అడుగవలెను. అన్నిటికంటె ముఖ్యము - ఏ తలుపైనను సరే - పై అంచు, క్రింది అంచు, తాళము కోసము తొలిచిన రంధ్రము. ఇవి కంటికి కనబడవు గనుక రంగు పూయువాడు వానిని విడిచివేయును. కలప నీరు త్రాగు గొట్టములన్నియు నిలువుగా నుండును; వాని నోళ్ళు ఆ యంచులలోనే తెరచియుండును. ముఖమంతయు మెరుగు పెట్టి, నోరు తెరచి విడిచినట్లగును. మా వీథి తలుపును అరుగుమీద పరుండబెట్టినప్పుడు చూచితిని: నూరేండ్ల రంగు పొరలు ముఖముమీద నున్నవి, క్రింది అంచున ఒక్క చుక్కయు లేదు.

సెలవు దాటి కళాశాలకు పోయిన దినమున మా డిగ్రీ విద్యార్థులకు ఒక కాగితము ఇచ్చి, మీ ఇంటి తలుపు బొమ్మ గీసి భాగముల పేర్లు వ్రాయుడంటిని. డోర్, ఫ్రేమ్, లాక్, హ్యాండిల్ - నలుబదిమందిలో ముప్పదిమంది ఇంతటితో ఆగిరి. గడప, గొళ్ళెము, గడియ వ్రాసినవారు కొందరు. మడతబందు అని వ్రాసినవాడు ఒక్కడే. అతని తండ్రి వడ్రంగి. సైన్సు పుస్తకములో గుండెకు కవాటములున్నవని చదువుకొన్న పిల్లలకు, కవాట మనగా తలుపే యని తెలియదు. గుండెలోని ఆ తలుపులును ఒకేవైపు తెరచుకొనునని చెప్పగా తరగతి అంతయు ఒక్కసారి లేచి కూర్చున్నది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయ పదములతో మాండలిక వృత్తి పదకోశమును ప్రారంభించినది. ఆ పరంపరలో గృహనిర్మాణ పదములను బూదరాజు రాధాకృష్ణగారు సమకూర్చిరి. పుస్తకములో మాట భద్రముగనే యున్నది. మడతబందు వదులైనదని చెప్పలేనివాడు తలుపు పాడైనదని చెప్పును. విన్న వర్తకుడు వెల కట్టును. నేను చేసినది అదే గదా!

ఉపాధ్యాయులకు ఒక సూచన. బడి తలుపుల వద్దకే పిల్లలను తీసికొని పోవచ్చును. సుద్దముక్క మన చేతిలో ఉండనే యున్నది.

ఫాల్గుణములో మేస్త్రి మాట ప్రకారము వచ్చెను. వీథి తలుపు ఎండి వదులై, రెక్కకును గుమ్మమునకును నడుమ రెండు నాణెములు పేర్చినంత సందు ఏర్పడియున్నది. సుద్ద రుద్ది చూడగా పై మూల ఒక్కచోట గుర్తు పడినది. అచ్చట ఉల్లిపొరవంటి రెండు పేళ్ళు తీసెను. శ్రావణములో నేను చెక్కింపదలచినది అరంగుళము! పిదప రెక్కలు దించి, పై అంచులకు, క్రింది అంచులకు అవిసెనూనె రెండుమార్లు పట్టించెను. ఆ టేకు నూనె త్రాగిన తీరు చూచిన, నూరేండ్ల దాహ మనిపించినది. మొత్తము ఖర్చు వర్తకుడు ఇచ్చెదనన్న సొమ్ములో పదవవంతు కూడ కాలేదు. వర్తకుడు మరల వచ్చెను. మా అమ్మగారు మజ్జిగ ఇచ్చి పంపిరి.

పెరటి తలుపు ఇంకను మిగిలియున్నది. మేస్త్రి దానిని కూడ పైకెత్తి చూచి, "దీనికి నాలుగంగుళాలవి చాలండి. మూడు తెచ్చుకోండి, స్టీలువే. వానలు పడకముందే పిలవండి, నాకూ కాళ్ళు ఆడట్లేదండి" అని చెప్పి పోయెను. మడతబందులు తెచ్చియుంచితిని. వచ్చు ఆదివారము ఆయనను పిలువవలెను.